ఒక్క లైను తీసేశారు

పదకొండున్నర దాటింది. బుజ్జిగాడు ఎప్పుడో పడుకున్నాడు, నాకే నిద్ర రావడం లేదు. నేను రాసిన ప్రోగ్రాములోంచి మా సీనియర్ తీసేసింది ఒక్క లైనే, 'అబ్‌స్ట్రాక్ట్ = ట్రూ' అన్న లైను. నాకు మాట మాత్రం చెప్పకుండా తీసేశారు.

అదే, గోడౌన్ ప్రాజెక్టు. వెబ్‌సైట్లు కట్టే జాంగో అనే పైథాన్ సాధనంలో 'సరుకు' అని ఒక క్లాసు, అంటే ఏయే గళ్లు ఉండాలో చెప్పే నమూనా, రాసుకున్నాను: తేదీ, రైతు పేరు, ఊరు, మూటలు, తూకం. దాని కింద, ఆ గళ్లను వారసత్వంగా (ఇన్‌హెరిటెన్స్) తీసుకునే ఉల్లి, బుడ్డలు (వేరుశనగ), కందులు. ఉల్లికి సైజు రాయాలి, బుడ్డలకు తేమ శాతం రాయాలి, ఎవరి గళ్లు వాళ్లవి. పైన ఉన్న 'సరుకు' అబ్‌స్ట్రాక్ట్ కాబట్టి డేటాబేసులో దానికంటూ టేబుల్ ఉండదు, దాని గళ్లన్నీ కింది వాటి టేబుళ్లలోకే వచ్చేస్తాయి. ఏ పంటా కాని ఉత్త 'సరుకు' మూటను లారీలోంచి ఎవరూ దించరు కదా!

పొద్దున చూస్తే సీనియర్ ఆ లైను తీసేసి, మైగ్రేషన్ కూడా నడిపి డేటాబేసును మార్చేశారు. ఇప్పుడు 'సరుకు'కు సొంత టేబుల్ వచ్చింది. ఉల్లి టేబుల్లో మిగిలింది సైజు, దాంతోపాటు 'సరుకు'లో తన వరుస ఎక్కడుందో చెప్పే నంబరు, అంతే. ఉల్లి జాబితా తెరిచిన ప్రతిసారీ రెండు టేబుళ్లూ జాయిన్ చేయాల్సిందే. ఫోన్ చేసి అడిగితే "ఇన్‌హెరిటెన్స్ ఇంకోసారి చదువుకోండి మేడం" అన్నారు. నేను చదువుకోవాలట! మూడు వారాలు కూర్చుని ఒక్కో గడీ ఎందుకుండాలో ఆలోచించి రాసిన మనిషిని అనే మాటేనా అది? అన్నం తింటున్నా అదే, గిన్నెలు కడుగుతున్నా అదే.

నాన్న మండీలో గుమాస్తాగా ఉన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నన్ను సైకిల్ మీద మార్కెట్ యార్డుకు తీసుకెళ్లేవారు. కొత్త పుస్తకాలకు గళ్లు కొట్టడం నా పని. చెక్క స్కేలు, ఎర్ర సిరా. మొదటి ఐదు గళ్లు అన్ని పుస్తకాల్లోనూ ఒకటే, ఆ తర్వాతవి మాత్రం ఉల్లి పుస్తకానికి ఒక రకం, బుడ్డల పుస్తకానికి ఒక రకం. స్కేలు అంచుకు సిరా అంటుకుని గీత పక్కన మరక పడితే నాన్న సుద్దముక్క అద్దేవారు. సుద్ద కొన ఎర్రబడేది, కాగితం మీద మరక పలచబడేది. ఇన్నేళ్ల తర్వాత నేను రాసిన క్లాసు ఆ ఐదు గళ్లే.

కానీ అక్కడ, గుమ్మం పక్కన ఇంకో పొడుగాటి పుస్తకం కూడా ఉండేది. ఏ సరుకు వచ్చినా ముందు అందులో ఎక్కి నంబరు పడేది, ఆ నంబరే ఉల్లి పుస్తకంలోనూ వేసేవాళ్లు. అదెందుకని ఈ రాత్రి రొట్టె తింటూ నాన్నను అడిగాను. "సాయంత్రానికి మొత్తం ఎన్ని మూటలు దిగినాయని షావుకారు అడిగితే, అన్ని పుస్తకాలూ తిప్పాలనా పాపా?"

చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. పోయిన వారం క్లయింటు అడిగింది సరిగ్గా అదే, ఈరోజు మొత్తం రాక ఎంతో ఒక్క చోట కనిపించాలని. అబ్‌స్ట్రాక్ట్ క్లాసును నేరుగా ఏమీ అడగలేం, దానికి టేబులే లేదు. అందుకే మూడు పంటలకూ మూడు క్వెరీలు (డేటాబేసును అడిగే ప్రశ్నలు) రాసి, వచ్చిన లెక్కలు కలిపాను. 1960లలో నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు సిములా అనే ప్రోగ్రామింగ్ భాషకు ఈ క్లాసుల ఆలోచన చేస్తున్నప్పుడు వాళ్ల ముందున్న ఉదాహరణల్లో ఒకటి టోల్ గేటు దగ్గర వరుస: లారీలు, బస్సులు, వేటికవే వేరు, అయినా నిలబడేది ఒకే వరుసలో. అంటే ఆ లైను తీసేయడంలో మా సీనియర్ పూర్తిగా తప్పు కాదు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

కానీ పూర్తిగా ఒప్పూ కాదు. ఇప్పుడున్న పద్ధతిలో ఉల్లి వరుస ఒకటి డిలీట్ చేస్తే 'సరుకు'లో దాని వరుస కూడా పోతుంది. నాన్న ఆ పొడుగాటి పుస్తకంలో తప్పు పడితే అడ్డగీత కొట్టేవారు గానీ ఏ రోజూ కాగితం చింపలేదు. కాబట్టి ఐదు గళ్లలో తూకం లాంటివి అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఉంచి, 'రాక' అని వేరే మోడల్ (సొంత టేబుల్ ఉన్న క్లాసు) పెట్టి, ఉల్లి, బుడ్డలు, కందులు మూడింటినుంచీ దానికి ఫారిన్ కీ, అంటే అందులోని వరుసను చూపే నంబరు, ఇవ్వాలి. ఉల్లి వరుస పోయినా రాక నిలబడుతుంది.

బయట చినుకులు పడుతున్నాయి, మట్టి వాసన బాగుంది. పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను. 'రాక' సంగతి తర్వాత, నాకు చెప్పకుండా ఎందుకు తీశారని ముందు అడుగుతాను.