పావగడ ఊళ్లకు వైద్య వాహనం దారి లెక్కగట్టిన నా అనుభవం

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాల్లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు లెక్కల పనిలో సాయపడుతున్నాను. ఆ సంస్థకు ఉన్నది ఒకే ఒక వైద్య వాహనం. ఒక డాక్టరు, ఒక నర్సు, మందుల పెట్టెలు, రక్తపోటూ చక్కెరా చూసే పరికరాలతో అది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో తిరుగుతుంది. పేరుకు కర్ణాటకే అయినా మూడు వైపులా ఆంధ్ర సరిహద్దు చుట్టుకున్న తాలూకా అది. జిల్లా కేంద్రం సుమారు 100 కిలోమీటర్ల దూరం, చాలా ఊళ్లలో ఇంటిభాష తెలుగు. నాది హిందూపురం కావడంతో ఆ మనుషులూ ఆ మాటా నాకు కొత్త కాదు.

వాహనం వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు ఊళ్ల చొప్పున పన్నెండు చోట్ల ఆగగలదు. సంస్థ జాబితాలో మాత్రం 60 ఊళ్లున్నాయి. అరవైలోంచి పన్నెండింటిని ఎంచుకునే విధాలు దాదాపు లక్షా 40 వేల కోట్లు. అప్పటిదాకా ఆ ఎంపిక రోడ్డు బాగోగులను బట్టి, అడిగినవారి పలుకుబడిని బట్టి జరుగుతుండేది. పదో తరగతి లెక్కల్లో మేము ఏకఘాత ప్రణాళిక (లీనియర్ ప్రోగ్రామింగ్) అనే పాఠం చదువుకున్నాం; పెట్టిన షరతులు దాటకుండా అన్నిటికంటే మంచి ఎంపికను వెతకడం అందులోని పని. గ్రాఫు కాగితం మీద గీతలు గీసి, బహుభుజి మూలల్లో గరిష్ఠ లాభం వెతికేవాళ్లం. ఆ పాఠానికి ఇంత పెద్ద రూపం ఉందని, ఊరి పక్కన వాహనం ఎక్కడ ఆగాలో కూడా అదే చెప్పగలదని నాకు ఈ పనిలోనే తెలిసింది.

మొదటి నమూనా తయారుచేయడం సులువుగానే సాగింది. ప్రతి ఊరికీ ఒక చరరాశి: వాహనం ఆగితే 1, ఆగకపోతే 0. మొత్తం పన్నెండుకు మించకూడదనేది నిబంధన. ప్రతి ఊరివాళ్లూ తమకు దగ్గరలో వాహనం ఆగే చోటికి వెళ్లే దూరాన్ని జనాభాతో హెచ్చవేసి, ఆ మొత్తాన్ని కనిష్ఠం చేయడం లక్ష్యం. 1964లో హకీమీ అనే పరిశోధకుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2011 జనాభా లెక్కలను, పటం మీది దూరాలను ఇచ్చి, ఇలాంటి లెక్కలను పరిష్కరించే, ఉచితంగా దొరికే సీబీసీ సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్‌ను నడిపితే సెకన్లలో సమాధానం వచ్చింది. ఆ పటాన్ని రంగుల్లో అచ్చు తీయించి పావగడకు తీసుకువెళ్లాను.

ఆ ప్రాంతంలో ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన అమ్మ ఒకరు ఆ పటాన్ని చాలాసేపు చూశారు. "ఈ రెండూర్ల నడుమ గుట్ట ఉండాది నాయనా. సుట్టు తిరిగి రావల్ల, బస్సు గూడా లేదు," అన్నారు. ఆ తర్వాత ఒక తండా మీద వేలు పెట్టి, "వీళ్లకేం పెట్టినావు?" అని అడిగారు. ఆ తండావాళ్లు తొమ్మిది కిలోమీటర్లు నడవాలని నా పట్టికలోనే ఉంది, కానీ నేను సగటు తప్ప ఆ వరుస చూడలేదు.

తప్పు సాల్వర్‌ది కాదు, నేను వేసిన ప్రశ్నది. మొత్తం దూరాన్ని తగ్గించమంటే లెక్క పెద్ద ఊళ్ల వైపే మొగ్గుతుంది. రెండు వేల మందికి తలా ఒక కిలోమీటరు కలిసిరావడం, నలభై ఇళ్ల తండా తొమ్మిది కిలోమీటర్లు నడవడం కంటే ఆ మొత్తంలో బరువైనది. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 మందికి ఒక ఉపకేంద్రం అనే ప్రభుత్వ ప్రమాణంలోనూ తలలే లెక్కకు వస్తాయి, దారి రాదు. అందుకే పనిని రెండు దశలుగా మార్చాను. ముందు అందరికంటే దూరాన ఉన్నవాళ్ల నడకను వీలైనంత తగ్గించడం, ఆ హద్దు దాటకుండా తర్వాత మొత్తాన్ని తగ్గించడం. దీనివల్ల సగటు కొద్దిగా పెరిగింది, కానీ ఆ పెరుగుదల న్యాయమైనదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

దూరాలను కూడా మళ్లీ కట్టాను. పటం మీద తిన్నగా గీత గీసి కొలిచిన దూరం తీసేసి, నడిచే దారినీ బస్సు సమయాలనూ చేర్చాను. పటం కర్ణాటకతోనే ఆగిపోవడం వల్ల, సరిహద్దు ఊళ్లవాళ్లు ఎప్పటినుంచో వెళ్తున్న మడకశిర వైపు ఆరోగ్య కేంద్రాలు నా లెక్కలో అసలు లేవు. వాటిని చేర్చాక కొన్ని ఊళ్ల అవసరం తగ్గి, తాలూకా నడుమ ఉన్న ఊళ్ల అవసరం పైకి తేలింది. వేరుసెనగ పనులున్న రోజుల్లో పొద్దున పదింటికల్లా ఊరు ఖాళీ అవుతుందని ఆశా కార్యకర్తలు చెప్పడంతో, కొన్ని చోట్లకు సాయంత్రమే వెళ్లాలన్న నిబంధన కూడా వచ్చింది.

అన్నిటికంటే పెద్ద మార్పు డాక్టరుగారి ఒక్క మాటతో వచ్చింది. రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి నెలకు సరిపడా మాత్రలు ఇస్తున్నప్పుడు ప్రతి ఊరికీ ప్రతి వారం ఎందుకు వెళ్లాలని ఆయన అడిగారు. "వారానికి పన్నెండు ఊళ్లు" అన్నది నేను ప్రశ్నించకుండా తీసుకున్న షరతు. నాలుగు వారాలను ఒక చక్రంగా తీసుకుంటే 48 విడతలు దొరుకుతాయి. గర్భిణులు ఎక్కువగా ఉన్న ఊళ్లకు రెండు సార్లు, మిగతావాటికి ఒకసారి వెళ్లేలా, ఎన్నిసార్లు వెళ్లాలన్నదాన్ని కూడా చరరాశిని చేశాను. మూడు కిలోమీటర్లకు మించి ఎవరూ నడవకూడదన్న నిబంధన పెట్టి నడిపితే, పరిష్కారం లేదని వచ్చింది.

ఆ జవాబు చూసి రెండు రోజులు దిగులుపడ్డాను. తర్వాత ప్రశ్నను తిరగేశాను. 48 విడతల్లో ఎంతమందిని అందుకోగలమని కాకుండా, ఎవరినీ వదలకుండా ఉండాలంటే కనీసం ఎన్ని విడతలు కావాలని అడిగాను. 1971లో టోరేగాస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అత్యవసర సేవల కేంద్రాల కోసం వేసిన ప్రశ్న ఇదే. 53 అని తేలింది. సంస్థ పెద్దల ముందు నేను పెట్టింది పటం కాదు, ఆ ఒక్క అంకె. ఎంత తెలివిగా తిప్పినా ఒక వాహనంతో ఐదు విడతలు తక్కువ పడతాయని, డ్రైవరు ఆదివారం సెలవును తీసేసి వాటిని పూరించడం సరికాదని చెప్పాను. నెలకు మూడు రోజులకు ఒక చిన్న వాహనాన్ని అద్దెకు తీసుకోవడానికి వాళ్లు ఒప్పుకున్నారు. దాని మొదటి రోజు మొదటి విడత ఆ తండాకే రాశాం.