కావూరు కాదు, కవూర్

పదో తరగతిలో ఇటలీ ఏకీకరణ పాఠం మొదలైన రోజు సోషల్ మాస్టారు బోర్డు మీద "కవూర్" అని రాశారు. "మన కావూరేనాండీ?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. మాస్టారు కోప్పడలేదు. "ఊరు కాదురా, మనిషి. మీ నాన్నల్లాగే వరి పండించినవాడు" అన్నారు. పొలంలో గట్టు పని చూసుకుని బడికి వచ్చే పిల్లలం, ఆ మాటకు సర్దుకుని కూర్చున్నాం.

కవూర్ 1810లో ఉత్తర ఇటలీలోని ట్యూరిన్‌లో గొప్పింట పుట్టాడు. సైన్యంలో ఇంజనీరుగా చేరి, ఇమడలేక ఇరవై ఒకటో ఏట వదిలేశాడు. తర్వాత లేరి అనే పల్లెలో కుటుంబ భూములు చూసుకున్నాడు. అప్పటికి ఇటలీ ఒక్క దేశం కాదు, విడివిడి రాజ్యాలు. వాటిలో ఒకటైన పీడ్‌మాంట్‌లో 1850లో వ్యవసాయ మంత్రి, రెండేళ్లకే ప్రధాని. సంవత్సరాలు గుర్తుండడానికి మాస్టారు మన ఆనకట్టలతో ముడిపెట్టేవారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లో ప్రధాని అయ్యాడు, బెజవాడ ఆనకట్ట పూర్తయిన 1855లో రష్యా మీద ఫ్రాన్స్, బ్రిటన్ చేస్తున్న యుద్ధానికి క్రిమియాకు సైన్యాన్ని పంపాడు. రష్యాతో ఆయనకు తగువేమీ లేదు. వాళ్ల సరసన కూర్చునే చోటు కావాలి, అంతే.

నన్ను పట్టి కుదిపింది మాత్రం 1859. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌తో రహస్యంగా మాట్లాడుకుని ఆస్ట్రియా మీద యుద్ధం తెచ్చుకున్నాడు. గెలుస్తున్న సమయంలో నెపోలియన్ తనంతట తాను విల్లాఫ్రాంకాలో సంధి చేసేసుకున్నాడు. ఆస్ట్రియా కింద ఉన్న ఇటలీ ప్రాంతాల్లో లొంబార్డీ వచ్చింది, వెనీషియా ఆస్ట్రియా చేతిలోనే ఉండిపోయింది. కవూర్ రాజుతో గొడవపడి రాజీనామా చేశాడు. ఆ ఘట్టం చెబుతుంటే మాస్టారి గొంతు వణికింది.

ఆరు నెలలకు మళ్లీ వచ్చాడు. ఫ్రాన్స్ మద్దతు కోసం పీడ్‌మాంట్ చేతిలోని సవాయ్, నీస్ ఆ దేశానికి ఇచ్చేశాడు. నీస్, ఇటలీని కలపడానికి కత్తి పట్టిన గారిబాల్డీ పుట్టిన ఊరు. "మన ఊరిని ఎవరికో రాసిచ్చేస్తే ఊరుకుంటారా?" అని మాస్టారు అడిగితే క్లాసు రెండుగా చీలిపోయింది. నేను గారిబాల్డీ వైపు. ఫ్రాన్స్ ఒప్పుకోకపోతే మధ్య ఇటలీ కలిసేది కాదని ఇప్పుడు తెలుసు. అయినా ఈ వయసులోనూ నేను గారిబాల్డీ వైపే.

1861 మార్చి 17న ఇటలీ రాజ్యం ప్రకటించారు. జూన్ 6న కవూర్ పోయాడు. యాభై ఏళ్లే. రోమ్, వెనీషియా ఇంకా కలవనేలేదు.

ఇరిగేషన్‌లో ఉద్యోగం వచ్చాక ఒక సంగతి తెలిసింది. ఆయన పోయాక, 1863 నుంచి 1866 లోపు, కివాస్సో దగ్గర పో నది నీళ్లు మళ్లించి 80 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. వరి పొలాలకే. పేరు కవూర్ కాలువ. సెలవుల్లో వెళ్లి చెబితే మాస్టారు లోపలికి వెళ్లి పాత నోటుబుక్కు, పెన్సిలు తెచ్చారు. "ఏదీ, ఎటు పోతుందో గీయి" అన్నారు. పో నుంచి టిచీనో వైపు గీత గీశాను. "తూములెక్కడ?" అని అడిగారు.