గుంటూరు పెరట్లో బిస్మార్క్ పామ్: విత్తనం నుండి నాలుగో ఏటి వరకు

2022 జూన్

కడియపులంకలోని ఒక నర్సరీ ఆవరణలో కాపుకు వచ్చిన బిస్మార్క్ పామ్ (వెండి రంగు విసనకర్ర ఆకులతో అలంకరణకు పెంచే చెట్టు) కింద రాలి ఉన్న పండ్లను, యజమాని అనుమతితో పన్నెండింటిని ఏరుకొని గుంటూరు తెచ్చుకున్నాను. తాటిలో పోతుతాడు కాయనట్లే ఇందులోనూ మగ చెట్టు కాయదు. కనుక ఆడ, మగ చెట్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట రాలిన పండే విత్తనానికి పనికివస్తుంది. పామ్ జాతుల విత్తనాలు చాలావరకు ఎండిన కొద్దీ మొలకశక్తిని కోల్పోతాయి. అందువల్ల పొట్లాల్లో వచ్చే పాత విత్తనం కంటే చెట్టు కింద దొరికిన తాజా పండునే నమ్మాను.

అదే నర్సరీలో ఆరడుగుల మొక్కలు కూడా అమ్మకానికి ఉన్నాయి. అయితే భూమిలో పెరిగిన బిస్మార్క్ మొక్కను మట్టిగడ్డతో తవ్వి, గోనెపట్టా చుట్టి పంపినప్పుడు దాని వేళ్ళు తెగుతాయి, తెగిన వేళ్ళ నుండి ఇది సులభంగా కోలుకోదు. రాయల్ పామ్ ఇటువంటి తరలింపును ఓర్చుకుంటుంది కానీ బిస్మార్క్ ఓర్చుకోదు. నాలుగేళ్ళు ఆలస్యమైనా వేరు కదలని మొక్కను పెంచాలన్నదే నా నిర్ణయం.

పండ్ల పైపొరను గీకి తీసి, విత్తనాలను మూడు రోజులు నీటిలో నానబెట్టి, రోజూ నీరు మార్చాను. ఆరింటిని నర్సరీల్లో వాడే ఆరు అంగుళాల నల్ల కవర్లలో వేశాను. మిగిలిన ఆరింటికి నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న పివిసి పైపును 18 అంగుళాల ముక్కలుగా కోయించి, ఒక్కొక్క ముక్కను నిలువునా రెండు చీలికలు చేయించి, మళ్ళీ కలిపి ఇనుప తీగతో బిగించి, అడుగున దోమతెర గుడ్డ కట్టాను. రెండింటిలోనూ ఒకే మిశ్రమం వాడాను: రెండు పాళ్ళు ముతక ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు. ఎరువు ఏదీ కలపలేదు.

పైపు ఆలోచన నాకు తేగల పాతర వల్ల వచ్చింది. బాపట్ల దగ్గర మా అమ్మమ్మ గారి ఊళ్ళో తాటి టెంకలను ఇసుకలో పాతర వేసేవారు. టెంక పైనే ఉండగా దాని నుండి మొలక కిందికి దిగి, ఇసుకలో జానెడు పైగా లోతుకు పోయి, అక్కడ తేగగా ఊరుతుంది. టెంకలో మిగిలిన బుర్రగుంజు ఆ మొలకకు ఆహారం అందించే భాగం. ఆకు బయటికి వచ్చేది టెంక నుండి కాదు, కిందికి దిగిన ఆ తేగ నుండి. బిస్మార్క్ పామ్ తాటికి దగ్గరి బంధువు, వృక్షశాస్త్రజ్ఞులు రెండింటినీ ఒకే తెగలో చేర్చారు. దీని మొలక కూడా సరిగ్గా తేగ మాదిరిగానే దిగుతుంది. ఈ సంగతి తెలిసినవారు దీన్ని ఆరు అంగుళాల కవర్లో వేయరు. తేడా ఎంత ఉంటుందో కళ్ళారా చూడాలనే నేను సగం విత్తనాలను అలా వేశాను.

2022 అక్టోబరు

విత్తిన 53వ రోజున ఒక పైపు పక్కన మట్టిని వేలితో తొలగించి చూడగా, విత్తనం నుండి తెల్లటి మొలక కిందికి దిగి కనిపించింది. మట్టిపైన మాత్రం ఏమీ లేదు. మొదటి ఆకు 108వ రోజున, విత్తనానికి కొద్ది దూరంలో, సూదిలా పైకి వచ్చింది. పామ్ విత్తనాలు వేసినవారు ఈ దశలోనే ఓపిక నశించి కుండీని తవ్వి పాడుచేస్తారు. పైన ఏమీ కనిపించని ఆ రెండు నెలల్లోనే మొక్క తన పనిలో ముఖ్య భాగాన్ని పూర్తి చేస్తుంది.

పైపుల్లో ఆరింటికి ఐదు మొలిచాయి. కవర్లలో నాలుగు మొలిచాయి గానీ, మొలక అడుగును తాకి పక్కకు వంగి, రెండింటిలో అక్కడే కుళ్ళిపోయింది. మిగిలిన రెండింటికి ఆకు వచ్చింది. ఆ ఆకులు పైపు మొక్కల ఆకుల్లో సగం వెడల్పు కూడా లేవు. ఆ రెండూ మరుసటి వేసవి దాటలేదు.

ఐదు మొక్కల్లో నాలుగింటి తొలి ఆకులకు ఊదా, ఎరుపు కలిసిన ఛాయ ఉంది. ఈ జాతిలో వెండి రంగు రకం, ఆకుపచ్చ రకం రెండూ ఉన్నాయి. లేత వయసులో ఈ ఊదా ఛాయ ఉన్నవి పెద్దయ్యాక వెండి రంగుకు తిరుగుతాయి.

2023 మే

గుంటూరు ఎండ గురించి గుంటూరు వారికి చెప్పనవసరం లేదు. అయితే డాబా మీద కుండీలకు పైనుండి పడే ఎండ కంటే పక్కనుండి తగిలే వేడి ఎక్కువ హాని చేస్తుందని ఈ నెలలో అర్థమైంది. పైపు పడమటి ముఖంపై చేయి నిలవలేదు. లోపలి వేళ్ళు ఆ గోడకే ఆనుకొని ఉంటాయి. పైపులన్నింటినీ ఒకచోట చేర్చి, చుట్టూ తడిపిన గోనెపట్టాలు కట్టి, అడుగున ఇటుకలు పెట్టి సిమెంటు నేలకు తగలకుండా ఎత్తాను. పైన 50 శాతం షేడ్‌నెట్ వేశాను. పెద్ద బిస్మార్క్ చెట్టుకు పూర్తి ఎండ కావాలి కానీ మొదటి వేసవిలో పట్టీ వంటి ఆకులతో ఉన్న మొక్కకు ఈ నీడ అవసరమే.

పక్కనే ఉన్న అరెకా పామ్ కుండీల్లో ఆకు కొనలు గోధుమ రంగుకు మారి ఎండిపోయాయి. మా బోరు నీరు ఉప్పగా ఉంటుంది. రోజూ కొద్దికొద్దిగా పోస్తే నీరు ఆవిరై, ఉప్పు మాత్రం కుండీలోనే పేరుకుంటుంది. అప్పటి నుండి 15 రోజులకొకసారి, కుండీలో ఎంత మట్టి ఉందో దానికి రెండింతల నీరు నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రాల నుండి బయటికి పోనిస్తున్నాను. వానాకాలంలో డాబా నీటిని డ్రమ్ముల్లో పట్టి, ముందుగా అరెకాకే వాడుతున్నాను. పాత ఆకుల కొనలు మళ్ళీ పచ్చబడవు. కొత్త ఆకులు శుభ్రంగా రావడాన్ని బట్టే ఫలితం తెలుసుకోవాలి.

2023 జులై

వానలు పడగానే మొక్కలకు శాశ్వత స్థానాలు ఇచ్చాను. రెండు మా పెరటి నల్లరేగడిలో, ఒకటి డాబా మీద వంద లీటర్ల డ్రమ్ములో, మిగిలిన రెండు బాపట్ల దగ్గర మా మేనమామ గారి ఇసుక నేలలో. మూడు రకాల నేలల్లో ఒకే తల్లి సంతానం ఎలా పెరుగుతుందో చూసే అవకాశం దొరికినందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

నల్లరేగడి విషయంలో చాలామంది చేసే పనిని నేను చేయలేదు. మూడడుగుల గొయ్యి తీసి, దానిని గుల్లటి ఎర్రమట్టి, పశువుల ఎరువుతో నింపడం ఇక్కడ ఆనవాయితీ. చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని త్వరగా ఇంకనివ్వదు కాబట్టి ఆ గొయ్యి వానాకాలమంతా తొట్టిలా నిండి ఉంటుంది, అందులో వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతాయి. అందుకు బదులు నేల మట్టానికి అడుగున్నర ఎత్తున, ఆరడుగుల వెడల్పున ఎర్రమట్టి, ఇసుకతో గట్టు పోసి, పైపు పొడవుకు సరిపోయే గుంట మాత్రం తీశాను. తీగ విప్పగానే పైపు రెండు చీలికలుగా విడివడింది, మట్టికడ్డీ చెదరలేదు. పైపులో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున నాటాను. పామ్ మొక్క మొదలును లోతుగా పూడిస్తే కొత్త వేళ్ళకు గాలి అందదు, కొద్ది నెలల్లోనే లేత ఆకులు పాలిపోతాయి. ఎదిగిన చెట్టు ఆకుల విస్తీర్ణం 20 అడుగులు దాటుతుంది కాబట్టి గోడకు 12 అడుగుల దూరం వదిలాను.

2024 ఫిబ్రవరి

పెరటి మొక్కల్లో ఒకదానికి కొత్త ఆకులో ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపుగా వచ్చింది. లోపాన్ని గుర్తించడానికి మొదట చూడవలసినది పసుపు ఏ ఆకులో మొదలైందన్న సంగతి. లేత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము లోపం. ముదురు ఆకు అంచున వెడల్పాటి పసుపు పట్టీ ఉండి నడుమ పచ్చగా మిగిలితే మెగ్నీషియం లోపం. ముదురు ఆకులపై నారింజ రంగు చుక్కలు పడి కొనలు మాడితే పొటాషియం లోపం. కొత్త ఆకు ముడుచుకొని, చిట్లినట్లు వస్తే మాంగనీసు లోపం. క్షారత ఎక్కువైన మా నేలలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేస్తే అది మొక్కకు అందకముందే మట్టిలో బిగుసుకుపోతుంది. అలా బిగుసుకోకుండా ఇనుమును పట్టి ఉంచే ఇడిడిహెచ్‌ఎ రకం చీలేటెడ్ ఐరన్‌ను నీటిలో కలిపి మొక్క మొదలు దగ్గర పోయగా, ఏప్రిల్‌లో వచ్చిన ఆకు పూర్తి రంగుతో విచ్చుకుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. పొటాషియం తక్కువైన పామ్ చెట్టు తన ముదురు ఆకుల నుండే దానిని తీసుకొని లేత ఆకులకు పంపుతుంది. పండుగలకు ముందు అందం కోసం ఆ పసుపు మట్టలను, వాటితోపాటు పచ్చి మట్టలను కూడా నరికివేయడం ఆకలిగా ఉన్నవారి ముందు నుండి కంచం లాగివేయడమే. పూర్తిగా ఎండి వేలాడే మట్టను మాత్రమే తీయాలి. పామ్ కాండానికి గాయం మానే గుణం కూడా లేదు. మామిడి కొమ్మ కోసిన చోట బెరడు కమ్ముకున్నట్లు ఇక్కడ కమ్ముకోదు.

2024 డిసెంబరు

ప్రహరీ పక్కనున్న ఫాక్స్‌టెయిల్ పామ్‌లో కొత్తగా విచ్చుకున్న మట్ట రెండు వైపులా కత్తెరతో కోసినట్లు కనిపించింది. కొబ్బరి రైతులందరికీ తెలిసిన కొమ్ము పురుగు పని ఇది. పురుగు మొవ్వులోకి (చెట్టు తలలోని లేత చిగురులోకి) తొలుచుకొని పోయినప్పుడు ముడిచి ఉన్న ఆకు తెగి, విచ్చుకున్న తరువాత ఆ కోత బయటపడుతుంది. పామ్ చెట్టుకు మొవ్వు ఒక్కటే, అది పోతే ఒంటి కాండపు చెట్టు మొత్తం పోయినట్లే. ఆస్ట్రేలియాలో కేప్ మెల్విల్ అనే ఒక్క చిన్న ప్రాంతంలోనే సహజంగా పెరిగే ఈ చెట్టుకు శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 1983లో. అంత అరుదైన చెట్టును మా వీధి దాకా తెచ్చుకొని ఒక పురుగుకు వదిలివేయడం నాకు ఇష్టం లేదు.

మొవ్వు పక్కన కొరికి నెట్టిన నార పొట్టు కనిపించిన రంధ్రంలోకి సైకిల్ చువ్వ కొనను కొక్కెంగా వంచి దించగా, పురుగు దొరికింది. పై మట్టల మొదళ్ళ సందుల్లో వేపపిండి, ఇసుక సమపాళ్ళలో కలిపి నింపాను. అయితే అసలు మూలం నా పెరట్లోనే ఉంది. ఏడాదిగా తిరగవేయకుండా వదిలిన పశువుల ఎరువు కుప్పలో కొమ్ము పురుగు పిల్లలైన, బొటనవేలంత లావు తెల్ల పురుగులు ఏడు దొరికాయి. కుప్పను పలుచగా ఎండలో పరిచి, తరువాత ఈ పురుగులను చంపే మెటారైజియం శిలీంద్రపు పొడి కలిపి మళ్ళీ పోశాను. ఆ తరువాత వచ్చిన ఆరు మట్టల్లో కోత లేదు.

బిస్మార్క్ మొక్కలకు ఈ బెడద రాలేదు. అరెకా ఆకుల అడుగున మాత్రం సర్పిలాకార తెల్లదోమ వలయాలు, వాటి కింది ఆకులపై నల్లటి మసి కనిపించాయి. 2016లో మన దేశంలో మొదటిసారి బయటపడిన ఈ దోమ కొబ్బరి నుండి అలంకరణ పామ్‌లకు తేలికగా పాకుతుంది. వేపనూనె, సబ్బు కలిపిన నీటిని ఆకుల అడుగుకు గట్టిగా చిమ్మితే అదుపులోకి వచ్చింది. ఆ నూనె బిస్మార్క్‌పై పడకుండా జాగ్రత్తపడ్డాను. దాని వెండి రంగు ఆకుపై ఉన్న సన్నని మైనపు పూతే. వేలితో రుద్దినా అది పోతుంది.

2025 నవంబరు

బాపట్ల ఇసుకలోని రెండూ అన్నింటికంటే ముందున్నాయి. పెద్దదాని ఎత్తు ఐదడుగుల రెండు అంగుళాలు, విసనకర్ర వంటి ఆకులు ఎనిమిది. ఇసుకలో వేరు అడ్డు లేకుండా దిగడమే ఇందుకు కారణమని నా నమ్మకం. అయితే వాన నీటితోపాటు పోషకాలు కూడా జారిపోవడం వల్ల ముదురు ఆకులకు మెగ్నీషియం పసుపు పట్టీలు ఉన్నాయి. వానాకాలం ముందు, తరువాత సల్ఫేట్ ఆఫ్ పొటాష్, మెగ్నీషియం సల్ఫేట్ కొద్దికొద్దిగా చల్లమని మేనమామ గారికి చెప్పాను.

పెరటి గట్టు మీది రెండింటిలో పెద్దది మూడడుగుల పది అంగుళాలు. వేసవిలో నల్లరేగడి బీటలు వారి పక్క వేళ్ళను తెంపకుండా, గట్టు చుట్టూ నాలుగడుగుల మేర కొబ్బరి పీచు, ఎండుటాకులు అరచేతి మందాన పరిచి ఉంచుతున్నాను. ఈ పీచు, ఆకుల కప్పు మొక్క మొదలుకు తగలకుండా ఆరు అంగుళాలు ఖాళీ వదలాలి.

డ్రమ్ములోనిది రెండడుగుల తొమ్మిది అంగుళాలు, ఆకులు ఐదు. ఎదుగుదల తక్కువైనా వెండి రంగు మాత్రం దీనికే దట్టంగా వచ్చింది. పూర్తి ఎండ, చుట్టూ కదిలే గాలి ఇందుకు కారణం కావచ్చు. డ్రమ్ము అడుగు రంధ్రం నుండి బొటనవేలంత వేరు బయటికి వచ్చి ఇటుకను పట్టుకొని ఉంది. దానిని కోయలేదు. వచ్చే జులైలో ఈ డ్రమ్మును కూడా పైపు లాగానే నిలువునా కోయించి, మొక్కను బాపట్ల ఇసుకకు చేర్చాలని మేనమామ గారితో మాట్లాడి ఉంచాను. ఆయన దక్షిణపు గట్టున స్థలం గుర్తు పెట్టి మేకు పాతారు.