రివర్స్ గేరు కాడ తిన్న తిట్లు

పదకొండేండ్ల సంది స్టీరింగు పట్టిన డ్రైవరును పట్టుకొని "బండి నడపరాదా నీకు?" అంటే ఎట్లుంటది?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల ఓ గోదాము ముందట మా మూడు టన్నుల పికప్‌ను రివర్స్ పెడుతున్న. గేరు గర్ర్‌మని మొత్తుకున్నది. నాకది కొత్త కాదు, ఇంకింత గట్టిగ గుంజిన, పడ్డది. ఎదురు గ్యారేజీల నుంచి ఓ ముసలి పఠాన్ మేస్త్రీ చేతిల పాన కిందేసి ఉరికొచ్చిండు. "గేరు పండ్లు రాలగొడుతున్నవ్, బండి నీ నాయిన కొనిచ్చిండా?" అని హిందీల, నలుగురి ముందట.

మండింది నాకు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజనుకు డీసీఎం నడిపినోన్ని. (డీసీఎం టయోటా కంపెనీ ఎప్పుడో పోయింది, ఏ కంపెనీ చిన్న లారీ అయినా మనకింకా డీసీఎమ్మే.) నెత్తి మీద బస్తాలతోని హమాలోల్లు అడ్డమొస్తరు, ఎనుకబండోడు హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యడు. అక్కడ గేరు నిమ్మలంగ పడేదాక ఆగితె లైన్ పోతది. ఇక్కడ రోడ్లు ఎడల్పు, నీకేం, ఆగుతవ్ అని మనసుల్నే అనుకున్న.

అరిసినంక ఆయనే చాయ్ తెప్పిచ్చిండు. బల్ల మీద ఇప్పిపెట్టిన పాత గేరుబాక్సు కాడికి తోల్కపోయిండు. ముందరి గేర్ల పండ్లు ఏటవాలుగ ఉన్నయి, ఎప్పటికీ ఒకదాంట్లొకటి ఇరుక్కొనే ఉంటయట. రివర్సుయి మాత్రం సక్కగ కోసిన పండ్లు, నడిమిట్ల ఓ చిన్న గేరు జరిగొచ్చి కలవాలె. రివర్సుల బండి కూయ్‌మనేది గూడ ఆ సక్క పండ్లతోనే. క్లచ్చు తొక్కితె ఇంజన్‌తోని తెగుతది కని లోపలి షాఫ్టు ఎంటనే ఆగది. కుమ్మరి సారె, కట్టె తీసినంక గూడ తిరుగుతది సూడుండ్రి, గట్ల. చక్రాల దిక్కున్న గేరేమో బండి ఆగింది గాబట్టి ఆగే ఉంటది. తిరిగే పండ్లను ఆగిన పండ్లల్లకు నూకితె గర్ర్‌మనక ఏమంటది? ముందరి గేర్లకైతె సింక్రో రింగులుంటయి, రాపిడితోని గేరు, షాఫ్టు రెండిటి వేగాన్ని కలిపినంకనే పడనిస్తయి. రివర్సుకు శానా బండ్లల్ల ఆ రింగు పెట్టరు. బండి ఆగినంకనే ఏసే గేరు, దానికి ఖర్చెందుకని.

"క్లచ్చు నిండ తొక్కి మూడు లెక్కపెట్టు. తొందరుంటె ముందు ఫస్టు ముట్టి రా, ఆ రింగు షాఫ్టును ఆపుతది. పండుకు పండు ఎదురై అసలే పడకుంటె న్యూట్రల్ చేసి, క్లచ్చు ఇడిచి మల్ల తొక్కు. అన్ని చేసినా మొత్తుకుంటె అప్పుడు నా కాడికి రా, క్లచ్చు సక్కగ ఇడుస్తలేనట్టు." పైసలు తీసుకోలే.

రూముల పండుకున్నగని నిద్ర పట్టలే. నాకు బండి నేర్పిన కాక ఇన్నేండ్లల్ల ఎందుకు మొత్తుకుంటదో ఒక్కనాడు చెప్పలే. మొత్తుకుంటె తువ్వాలతోని మెడ మీద సరిచేటోడు, అంతే. నేను గూడ క్లీనర్ పోరగాండ్లకు అట్లనే నేర్పిన. ఊరుగానోడు, భాషగానోడు అరగంట పని ఇడిసిపెట్టి చెప్పిండు. అట్లని కాకను తక్కువ చేస్తలేను. మేడారం జాతరప్పుడు తాడ్వాయి అడవిల యాక్సిలేటర్ కేబుల్ తెగితె, టార్చిలైటు నోట్ల పట్టుకొని బైండింగ్ తీగతోని కట్టి బండి ఊరు చేర్చిన మనిషి. ఈ ఉస్తాద్‌కు పార్టులన్ని చేతికందుతయి. కాకకు తీగ తప్ప ఏముండె?

సెలవునాడు ఫోన్ చేసి అడిగిన. "కాకా, రివర్సుకు ముందు ఫస్టు ముట్టాలని నాకెందుకు చెప్పలే?"

"చెప్పుడేందిరా? నేను ముట్టకుంట ఎప్పుడన్న ఏసిన్నా?"

నిజమే. కాక చెయ్యి ప్రతిసారి ముందుకోపారి పోయొచ్చేది. పొద్దుగాల స్టీరింగు ముట్టి భద్రకాళమ్మకు మొక్కేటోడు గద, ఇది గూడ అసొంటి మొక్కే అనుకున్న.

"నువ్వెక్కడ చూస్తివిరా," అన్నడు కాక. "పక్క అద్దంల నెత్తి దువ్వుకుంటుంటివి."