సెనేటర్ జాబితాలో మా పరిశోధనశాల: అమెరికా రక్షణ బడ్జెట్ విన్నపంతో నా అనుభవం

అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, విమాన భాగాల లోహాలకు పట్టే తుప్పు మీద పనిచేసే పరిశోధనశాలలో నేను ఉద్యోగం చేస్తున్నాను. 2023 ఆర్థిక సంవత్సరపు (ఇక్కడ అది 2022 అక్టోబరులో మొదలైంది) రక్షణ బడ్జెట్‌లో మా పరిశోధనకు నిధులు కోరుతూ మా రాష్ట్ర సెనేటర్ ద్వారా పెట్టించిన విన్నపానికి సంబంధించిన కాగితాలన్నీ మొదటి నుంచి చివరి దాకా నా చేతుల మీదుగానే నడిచాయి. రాష్ట్రం పేరు చెబితే సెనేటర్ ఎవరో, విశ్వవిద్యాలయం ఏదో ఇట్టే తెలిసిపోతుంది కనుక ఆ వివరాలు రాయడం లేదు. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వారిలో ఎవరికైనా ఇటువంటి బాధ్యత అప్పగిస్తే ఉపయోగపడుతుందనీ, ప్రజాధనం ఎవరు అడిగితే ఎవరికి వెళుతుందో తెలుసుకోవడం పౌరులందరికీ అవసరమనీ నమ్మి ఈ అనుభవాన్ని రాస్తున్నాను.

మన దేశంలో ఎంపీ లాడ్స్ గురించి తెలిసినవారు దీనిని అటువంటిదే అనుకుంటారు. అక్కడ ఒక్కొక్క పార్లమెంటు సభ్యుడికి ఏడాదికి 5 కోట్ల రూపాయల వాటా ముందే ఖాయమై ఉంటుంది. ఆ మొత్తంలో ఏ పనులు చేపట్టాలో ఆయన సిఫార్సు చేస్తే జిల్లా యంత్రాంగం చేయిస్తుంది. ఇక్కడ సెనేటర్‌కు అలాంటి వాటా ఏదీ లేదు. ఫలానా సంస్థకు, ఫలానా పనికి, ఇంత మొత్తం ఇవ్వవలసిందని ఆయన కేటాయింపుల కమిటీకి రాతపూర్వకంగా విన్నవించుకోవాలి, కమిటీ ఒప్పుకుంటే ఆ పద్దు బడ్జెట్ బిల్లుతో పాటు వచ్చే వివరణ పత్రంలో చేరుతుంది. వాడుకలో ఇయర్‌మార్క్ అనే ఈ పద్దును, అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లోని ఎగువ సభ సెనేట్‌లో కాంగ్రెస్ నిర్దేశిత వ్యయం అంటారు, దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో సామాజిక ప్రాజెక్టు నిధి అంటారు. కమిటీలో సీనియారిటీ ఉన్న సభ్యుడి రాష్ట్రానికి ఎక్కువ, లేనివారి రాష్ట్రానికి తక్కువ రావడం ఈ పద్ధతిలో మొదటి నుంచీ ఉన్న అసమానత. దానిని నేను సమర్థించను.

నాకు చికాకు కలిగించిన నిబంధనల్లో చాలావాటికి కారణం, వాటి వెనుక ఉన్న చరిత్ర చదివిన తరువాతే అర్థమైంది. కాలిఫోర్నియాకు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు రాండీ కన్నింగ్‌హామ్, రక్షణ కాంట్రాక్టర్ల దగ్గర 24 లక్షల డాలర్ల లంచాలు తీసుకున్నానని 2005లో కోర్టులో ఒప్పుకుని పదవి వదులుకున్నాడు. మరుసటి ఏడాది ఎనిమిదేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. కాంట్రాక్టర్లకు ఆయన చేసిపెట్టిన మేలు ఎక్కువగా రక్షణ బిల్లులోని ఇయర్‌మార్కుల రూపంలోనే జరిగింది. ఆ తరువాత 2007లో వచ్చిన చట్టంతో సెనేట్ నియమావళి మారింది: విన్నపం చేసే సెనేటర్ తన పేరు, డబ్బు అందుకునే సంస్థ పేరు, అది ఉన్న ఊరు, ఖర్చు ఉద్దేశం వెల్లడించాలి, తనకు గానీ తన కుటుంబానికి గానీ అందులో ఆర్థిక ప్రయోజనం లేదని సంతకం చేయాలి. 2009లో, కమిటీ మంజూరు చేసినవాటినే కాక సభ్యులు అడిగినవాటన్నిటినీ బయటపెట్టాలన్న షరతు చేరింది. 2011లో రెండు సభలూ ఇయర్‌మార్కులనే ఆపేశాయి. పదేళ్ల తరువాత, 2021లో, సెనేట్‌లో పాట్రిక్ లేహీ, ప్రతినిధుల సభలో రోసా డిలారో కేటాయింపుల కమిటీల అధ్యక్షులుగా ఉన్నప్పుడు ఈ పద్ధతిని తిరిగి తెచ్చారు. ఈసారి లాభాపేక్షతో నడిచే కంపెనీలకు నేరుగా ఇవ్వకూడదనీ, మొత్తం ఇయర్‌మార్కులు కాంగ్రెస్ విచక్షణ మేరకు ఏటా కేటాయించే వ్యయంలో ఒక శాతాన్ని మించకూడదనీ హద్దులు పెట్టారు. మాది రాష్ట్ర విశ్వవిద్యాలయం కనుక మొదటి షరతు మాకు అడ్డు రాలేదు.

మా పని 2022 ఆరంభంలో మొదలైంది. విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ సంబంధాలు చూసే కార్యాలయం ముందుగా అన్ని విభాగాల నుంచి ప్రతిపాదనలు తెప్పించుకుని, సెనేటర్‌కు పంపదగినవి కొన్ని మాత్రమే ఎంచుకుంది. నేను విశాఖపట్నంలో పెరిగినదాన్ని. ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏడాది తిరక్కుండా ఎలా పొరలు లేస్తాయో చిన్నప్పటి నుంచీ చూశాను కనుక, సముద్రం మీద తిరిగే విమానాలకు తుప్పు ఎంత పెద్ద సమస్యో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడి రక్షణ శాఖకు తుప్పు వల్ల ఏటా అయ్యే ఖర్చు వెయ్యి కోట్ల డాలర్లకు పైమాటే. ఆ సంగతి ప్రతిపాదనలో మొదటి వాక్యంగా రాశాము, ఎంపిక కావడానికి అది తోడ్పడింది.

సెనేటర్ కార్యాలయం వారి దరఖాస్తు చూడడానికి చిన్నదే గానీ, నింపడానికి కూర్చుంటే ఒక్కొక్క గడి ఒక్కొక్క పరీక్ష అయింది. కేటాయింపుల కమిటీలో ఏ ఉపసంఘం పరిధిలోకి వస్తుంది, ఏ ఖాతా, ఎంత మొత్తం, దేశాధ్యక్షుడి బడ్జెట్‌లో ఇప్పటికే ఈ పనికి ఏమైనా ఉందా, గతంలో ప్రభుత్వ నిధులు వచ్చాయా, అడిగినదానిలో కొంతే ఇస్తే పని సాగుతుందా, మరెక్కడి నుంచైనా డబ్బు సమకూరుతుందా, రాష్ట్రంలో ఎవరికి మేలు అని వరుసగా అడుగుతారు. వీటిలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కూర్చోబెట్టింది ప్రోగ్రామ్ ఎలిమెంట్ నంబరు. రక్షణ శాఖ పరిశోధన బడ్జెట్‌లో ప్రతి పద్దుకూ ఏడు అంకెలు, చివర ఒకటి లేదా అంతకంటే ఎక్కువ అక్షరాలతో ఈ నంబరు ఉంటుంది. 06తో మొదలైతే పరిశోధన, అభివృద్ధి కార్యక్రమం. తరువాతి రెండంకెలు 01 అయితే మౌలిక పరిశోధన, 02 అయితే అనువర్తిత పరిశోధన, 03 అయితే సాంకేతికతను ముందుకు తీసుకువెళ్లే దశ. చివరి అక్షరాన్ని బట్టి అది సైన్యానిదో, నౌకాదళానిదో, వైమానిక దళానిదో తెలుస్తుంది. మా పనిలో సగం 02 కిందికీ, సగం 03 కిందికీ వచ్చేలా ఉంది. విన్నపం ఒక్క పద్దు మీదే నిలబడాలి కనుక, ప్రయోగశాలలో తుప్పును అడ్డుకునే పూత తయారుచేసే భాగాన్ని ఉంచుకుని, విమాన రెక్క మీద పరీక్షించే భాగాన్ని పక్కన పెట్టి వైమానిక దళపు 02 పద్దునే ఎంచుకున్నాము. ఏ పద్దు కింద అడిగామో ఆ పద్దు అధికారులే రేపు మాకు డబ్బు విడుదల చేయాలి, మా పని వారి పనికి పొసగాలి. అందువల్ల ఈ ఒక్క గడికి ఎంత సమయం వెచ్చించినా అది దండగ కాదని నా అభిప్రాయం.

మద్దతు లేఖల విషయంలో ఒక ఇబ్బంది ఎదురైంది. మా పని విలువ అందరికంటే బాగా తెలిసినవారు సైనిక పరిశోధనశాలల్లోని శాస్త్రవేత్తలు. వారు ప్రభుత్వోద్యోగులు కనుక మా తరఫున కాంగ్రెస్‌కు సిఫార్సు చేయలేరు, సాంకేతిక ప్రశ్నలు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పగలరు, అంతే. ఈ హద్దు సరైనదే. కార్యనిర్వాహక శాఖ ఉద్యోగి బడ్జెట్‌లో లేని డబ్బు కోసం కాంగ్రెస్ సభ్యుల చుట్టూ తిరగడం మొదలుపెడితే, బడ్జెట్ రూపొందించే అధికారులకు ఇక విలువ ఏముంటుంది? రాష్ట్రంలోని ఒక విమాన మరమ్మతు శిక్షణ కళాశాల, స్థానిక వాణిజ్య మండలి ఇచ్చిన లేఖలు జతపరిచాము.

సెనేటర్ కార్యాలయంలో మా దరఖాస్తు చూసిన సహాయకురాలు చాలా చిన్న వయసు అమ్మాయి. మర్యాదగా పలకరించి, ఏమాత్రం మొహమాటం లేకుండా ఒకే మాటను పలు రకాలుగా అడిగింది: ఇది అంత అవసరమైతే వైమానిక దళమే తన బడ్జెట్‌లో ఎందుకు పెట్టుకోలేదు? మా ఆచార్యుడికి ఆ ప్రశ్న రుచించలేదు. నాకు మాత్రం అది అడగవలసిన ప్రశ్నే అనిపించింది. ప్రతి దళమూ తన అవసరాలకు వరుస ప్రాధాన్యం పెట్టుకుంటుందనీ, కొత్త విమానాల ముందు పాత విమానాల నిర్వహణ పరిశోధన ఎప్పుడూ వెనకబడుతుందనీ, మేము చేసేది ఆ వెనకబడిన పనేననీ వివరంగా రాసి పంపాము. ఆ జవాబులోని వాక్యాలే తరువాత సెనేటర్ ప్రకటనలో మా ప్రాజెక్టు ఉద్దేశంగా దాదాపు మాటకు మాట కనిపించాయి.

వసంతంలో ఆ ప్రకటన వెలువడింది. సెనేటర్ ఆ ఏడాది అడిగిన పద్దులన్నీ ఉపసంఘాల వారీగా, వరుసల్లో ఉన్నాయి. రక్షణ ఉపసంఘం కింద మా విశ్వవిద్యాలయం చట్టబద్ధమైన పేరు, చిరునామా, అడిగిన మొత్తం, ఒకటి రెండు వాక్యాల్లో ఉద్దేశం, పక్కన ఆర్థిక ప్రయోజనం లేదన్న సెనేటర్ సంతకంతో లేఖ. మా పైన ఒక చిన్న పట్టణపు నేషనల్ గార్డ్ (రాష్ట్రాల స్థాయి రిజర్వు సైనిక దళం) భవనం, కింద మరో కళాశాల. ఎన్నో ఏళ్లుగా ప్రభుత్వ గ్రాంట్ల పని చేస్తున్నాను. ఇంత తక్కువ చోట ఇంత బాధ్యతను కుదించిన కాగితం నేను చూడలేదు. అడిగినవాడెవరో, పుచ్చుకునేవాడెవరో, ఎంతో, ఎందుకో ఒకే వరుసలో ఉంటే, రాష్ట్రంలో పన్ను కట్టే ఏ మనిషైనా నన్ను నిలదీయవచ్చు. నిలదీశారు కూడా. సైనిక పరిశోధన మీద అభ్యంతరమున్న మా విశ్వవిద్యాలయపు చరిత్ర ఆచార్యురాలు ఒకరు ఆ వరుస పట్టుకుని వచ్చి, ఈ పూత ఏ విమానాలకు వాడతారని అడిగారు. తెలిసినంతవరకు చెప్పాను. ఆమె ఏకీభవించలేదు గానీ, అడగడానికి ఆధారం దొరికింది, జవాబు చెప్పవలసిన బాధ్యత నాకు వచ్చింది. ప్రకటన ఉద్దేశం అదే కదా.

ఆ జాబితా చూసినవారిలో ఎక్కువమంది అడిగిన మొత్తాన్ని వచ్చిన మొత్తంగా చదువుకుంటారు. మా తెలుగు సంఘంలో పెద్దాయన ఒకరు ఉగాది వేడుకలో ఎదురుపడి, "ఏమ్మా, మీకు అన్ని లక్షల డాలర్లు వచ్చాయట గదా!" అని సంతోషంగా అన్నారు. "ఇంకా ఏమీ రాలేదండీ, అడిగామంతే" అన్నాను. ఆయనకే కాదు, స్థానిక పత్రిక నుంచి ఫోన్ చేసిన విలేకరికీ ఇదే చెప్పవలసి వచ్చింది. ప్రకటన సెనేటర్ విన్నపం మాత్రమే. దాని తరువాత ఉపసంఘం, కమిటీ, రెండు సభల మధ్య రాజీ, దేశాధ్యక్షుడి సంతకం, ఇవన్నీ మిగిలే ఉంటాయి.

ఆ ఏడాది సెనేట్ కమిటీ బిల్లుల మీద పద్ధతి ప్రకారం చర్చ జరపకుండానే, జులై 28న ముసాయిదాలన్నీ ఒకేసారి బయటపెట్టింది. మా పద్దు అందులో ఉంది, మొత్తం తగ్గింది. అక్టోబరు 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైనా బడ్జెట్ ఖరారు కాలేదు. తాత్కాలిక తీర్మానాలతో ప్రభుత్వం నడిచింది. ఆ నెలలు మా శాలలో కష్టంగా గడిచాయి, కొత్త పరిశోధక విద్యార్థిని తీసుకోవాలో వద్దో తేల్చుకోలేకపోయాము. చివరకు 2022 డిసెంబరు 29న అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. దాదాపు 79,700 కోట్ల డాలర్ల రక్షణ బిల్లు వివరణ పత్రం చివరి పట్టికలో మా వరుస దొరికింది: అడిగినదానిలో సగానికి కొంచెం ఎక్కువ. ఆ పట్టికలో విన్నవించిన సభ్యుల పేర్లు, విన్నపం ఏ సభలో పుట్టిందో తెలిపే గుర్తు కూడా ఉంటాయి. ఆ ఏడాది అన్ని శాఖల్లో కలిపి ఇటువంటి పద్దులు ఏడు వేలకు పైగా, దాదాపు 1,530 కోట్ల డాలర్లకు ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఎంచి, డబ్బు చెప్పిన పనికే వెళ్లిందా లేదా అని కాంగ్రెస్ వారి జవాబుదారీ కార్యాలయం తనిఖీ చేస్తుంది.

మా వరుస వెతుకుతూ ఆ వివరణ పత్రంలోని పరిశోధన పట్టికలు తిరగేస్తున్నప్పుడు నన్ను కలవరపెట్టినది ఇంకొకటి ఉంది. పద్దు తరువాత పద్దులో, శాఖ అడిగిన మొత్తం పక్కన, "కార్యక్రమ పెంపు" అన్న మాట, ఒక విషయం పేరు, ఒక అంకె కనిపిస్తాయి. శాఖ అడగకపోయినా కాంగ్రెస్ చేర్చిన డబ్బు అది. సభ్యుల లేఖల వల్ల చేరినవి వాటిలో చాలా ఉంటాయి. నిర్దిష్ట సంస్థ పేరు చెప్పకుండా కార్యక్రమానికి పెంపు కోరితే అది ఇయర్‌మార్క్ కిందికి రాదు, కనుక ఎవరు కోరారో వెల్లడించనక్కరలేదు. లాభాపేక్ష ఉన్న కంపెనీలకు తలుపు మూసినా, ఆ పెంపు కోసం పోటీపడే దారి వాటికి తెరిచే ఉంది. పోటీ ఉంటుంది కనుక అది వేరే సంగతని వాదించేవారున్నారు. విషయం పేరు మరీ సన్నగా, ఒక్కరే తయారుచేసే వస్తువుకు సరిపోయేలా రాసినప్పుడు ఆ వాదన నిలవదు. మా చిన్న మొత్తానికి సెనేటర్ పేరు, మా చిరునామా, సంతకం అన్నీ కావలసి వచ్చినప్పుడు, అంతకు ఎన్నో రెట్లున్న పెంపులకు కనీసం కోరినవారి పేరైనా ఉండాలి. పెంపు కోరే లేఖలను కూడా సభ్యులు ప్రకటించాలని మా ఇద్దరు సెనేటర్లకూ ఒక ఓటరుగా రాశాను, ప్రతి బడ్జెట్ కాలంలోనూ రాస్తూనే ఉన్నాను.

చట్టం వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. అది వైమానిక దళం ఖాతాలో చేరుతుంది. ఆ పద్దు చూసే అధికారి మమ్మల్ని పూర్తి సాంకేతిక ప్రతిపాదన, ఖర్చుల వివరం మళ్లీ ఇమ్మన్నారు, సమీక్ష జరిగింది, ఒప్పందం మీద సంతకాలయ్యేసరికి ఆ ఆర్థిక సంవత్సరం చాలావరకు గడిచిపోయింది. రక్షణ పరిశోధన నిధులకు రెండేళ్ల గడువు ఉండడం వల్ల ఇబ్బంది కలగలేదు. 02 పద్దును జాగ్రత్తగా ఎంచుకున్న ఫలితం ఇక్కడ కనిపించింది: సమీక్షించినవారు మా పూత గురించి ముందే తెలిసినవారు, వారు అడిగిన మార్పులు మా పనిని మెరుగుపరిచాయి.

తరువాతి ఏడాదికే పరిస్థితి మారింది. 2024 ఆర్థిక సంవత్సరానికి ప్రతినిధుల సభలో కొత్త మెజారిటీ రక్షణ బిల్లును సామాజిక ప్రాజెక్టు నిధుల పరిధి నుంచి తొలగించింది. 2025 ఆర్థిక సంవత్సరానికైతే పూర్తి బడ్జెట్టే కుదరక, మార్చిలో ఏడాది పొడవునా వర్తించే తాత్కాలిక చట్టం తెచ్చి, ఇయర్‌మార్కులన్నిటినీ వదిలేశారు. మా విశ్వవిద్యాలయంలోనే మరో విభాగం వారి విన్నపం ఆ ఏడాది సెనేటర్ ప్రకటనలో మొత్తంతో సహా ఉంది, డబ్బు ఒక్క డాలరు కూడా రాలేదు. ఇప్పుడు మా దగ్గర ఎవరు కొత్తగా విన్నపం పెట్టాలనుకున్నా, ఉద్యోగ నియామకాలు గానీ పరికరాల కొనుగోలు గానీ సెనేటర్ జాబితాను చూసి మొదలుపెట్టవద్దనీ, చట్టంతో వచ్చే పట్టికలో తమ వరుస కనబడి, సంబంధిత అధికారి నుంచి ఉత్తరం అందే వరకు ఆగమనీ ముందుగా చెబుతున్నాను.