ఏ నీళ్లలో తెగింది?

మరబోటు మీద చెయ్యి తెగినా, గోదావరిలో లాంచీ బోల్తా పడి కాలు చీరుకుపోయినా, ఆసుపత్రి చీటీలో చాలాసార్లు కనబడేది ‘గాయం, కుట్లు వేశాం’ అన్నంతే. అది ఉప్పునీళ్లలో అయిందా, ఏటి నీళ్లలో అయిందా, రెండూ కలిసే మొగ దగ్గర అయిందా అన్నది ఉండదు. తర్వాత ఏ మందు వాడాలో, దేనికోసం కనిపెట్టి ఉండాలో తేలేది ఆ ఒక్క మాటతోనే. కట్టు మార్చేవాళ్లు కొత్తవాళ్లయితే ముందు అదే చెప్పండి.

వెచ్చని సముద్రపు నీళ్లలో, మొగల్లో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అరుదే గానీ, పట్టిందంటే గంటల్లో పాకుతుంది. కాలేయం దెబ్బతిన్నవాళ్లకూ, షుగరు ఉన్నవాళ్లకూ ప్రాణాపాయం, కాబట్టి తాగుడు అలవాటు ఉంటే డాక్టరు దగ్గర దాచొద్దు. ఏటి నీళ్లలో ఏరోమొనాస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాని మీద అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే సాధారణంగా పనిచెయ్యదు. మందుల షాపులో అడిగి ఆ మాత్రలే కొనుక్కుని మూడు రోజులు గడిపేస్తే, ఆ మూడు రోజులూ వైద్యం జరగనట్టే.

మొదటి 48 గంటలు ఇలా చూడండి: గాయం చుట్టూ ఎర్రబడిన చోటు అంచున పెన్నుతో గీత గీసి, పక్కనే టైము రాయండి. ఎరుపు గీత దాటినా, పైకి కనబడే గాయం కంటే నొప్పి విపరీతంగా ఉన్నా, నల్లటి లేదా ఊదారంగు బొబ్బలు లేచినా తెల్లారేదాకా ఆగకండి. ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి అప్పుడే వెళ్లాలి.

ప్రొపెల్లర్ రెక్కలు కోసిన గాయాన్ని చాలాసార్లు వెంటనే కుట్టరు. శుభ్రం చేసి, చచ్చిన కండ తీసేసి, తెరిచే ఉంచుతారు. 3 నుంచి 5 రోజుల తర్వాత చీము లేదని తేలాక కుడతారు. ‘కుట్లు కూడా వెయ్యకుండా పంపేశారు’ అని ఇంటివాళ్లు కోప్పడతారు గానీ, సరైన పద్ధతి అదే. మురికిని లోపల పెట్టి కుట్టేస్తే చీము లోపలే ముదురుతుంది. ఆ రోజుల్లో సెలైన్‌తో కడిగి, తడి గాజుగుడ్డతో కట్టు మార్పించుకోవాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం, డీజిలు ఏదీ తగలనివ్వొద్దు.

ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ స్థానంలో ఇప్పుడు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రెండిటికీ టీకా) ఇస్తున్నారు. చివరి డోసు పడి 5 ఏళ్లు దాటితే ఇలాంటి మురికి గాయానికి ఇంకొకటి వెయ్యాలి. చిన్నప్పటి టీకాలు పూర్తికాకపోతే అప్పటికప్పుడు రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా కావాలి, టీడీ రెండో డోసు 4 వారాలకు. ఎక్కువమంది మరిచిపోయేది ఈ రెండో డోసే.

వల లాగే వించి తాడులో వేళ్లు నలిగినప్పుడు ‘నరం తెగింది’ అంటాం. మన మాటలో కండను ఎముకకు కలిపే టెండనూ నరమే, స్పర్శ తెలిపే నరమూ నరమే. తెగింది ఏదో అడిగి కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే రెండిటి దారులు వేరు. కుట్టిన టెండన్‌కి దాదాపు 6 వారాలు స్ప్లింట్ (చేతిని పట్టి ఉంచే బద్ద), 12 వారాల దాకా బరువు లాగకూడదు. అలాగని వేళ్లు అసలు కదపకపోతే అతుక్కుపోతాయి, అందుకే ఫిజియో చెప్పినంత మేరకు కదపడం మానొద్దు. కుట్టిన నరమైతే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలి కొసకు స్పర్శ రావడానికి ఆరు నెలలు దాటొచ్చు. ఈలోగా ఇంజిను సైలెన్సరు తగిలి వేలు కాలినా తెలియదు. చేతిని కంటితో చూస్తూ పని చేసుకోవాలి.

గాయం మానిందనుకున్నాక 2 నుంచి 8 వారాల్లో అక్కడ గడ్డలు లేచి, చేతి పొడవునా వరసగా పైకి పాకితే మైకోబాక్టీరియం మరైనమ్‌ని అనుమానించాలి. క్షయ క్రిమికి దాయాది ఇది. ముక్క తీసి పరీక్షకు పంపేటప్పుడు నీటిలో అయిన గాయమని ల్యాబుకు తెలియాలి, ఇది 30 డిగ్రీల దగ్గర పెరుగుతుంది, మామూలుగా ఉంచే 37 దగ్గర సరిగా పెరగదు. మందులు నెలల తరబడి వాడాలి, గడ్డలు పోయాక కూడా ఒకటి రెండు నెలలు.

నీళ్లు మింగి బయటపడినవాళ్లకు తర్వాతి రోజుల్లో దగ్గు, ఆయాసం, జ్వరం వస్తే ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఏటి నీళ్లలో, వరద నీళ్లలో పడినవాళ్లకు ఒకటి రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెరుపు కనబడితే లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) పరీక్ష అడగండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకు వేటకు వెళ్లేవాళ్లు అక్కడ కుట్లు వేయించుకుని రైలెక్కేస్తారు. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో అడిగి తీసుకోండి. ఆపరేషన్ నోటు, ఎక్స్‌రేలు, పోలీసు కేసు ఉంటే ఆ కాపీ ఫోనులో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమాలో పేరుంటే పాక్షిక శాశ్వత వైకల్యానికి రూ. 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు రూ. 25,000 వరకు వస్తుంది. వేలు ఎంత వంగుతోందో, పట్టు ఎంతుందో ప్రతి విజిట్‌లోనూ చీటీలో రాయించండి. వైకల్యం లెక్క కట్టేటప్పుడు చూపించడానికి అవే ఉంటాయి.