బెంగ అనుకున్నారు, కాల్షియం అని తేలింది

ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది దాహం. రాత్రి రెండింటికి అమ్మను లేపేవాణ్ణి. క్యాన్‌లోంచి చెంబుడు నీళ్లు పట్టి ఇచ్చేది. గటగటా తాగేసి పడుకునేవాణ్ణి. గంట తిరక్కుండా మూత్రం డబ్బా కోసం మళ్లీ పిలిచేవాణ్ణి, ఆ వెంటనే మళ్లీ నీళ్లు. తెల్లారేసరికి అమ్మ కళ్లు ఎర్రగా ఉండేవి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "మాత్రల వేడి నాన్నా, తగ్గుతుందిలే" అనేది.

మాది ప్రకాశం జిల్లాలో కనిగిరి దగ్గర పల్లె. 2017 ఆగస్టులో బావ బండి మీద వెనక కూర్చుని ఇంటికి వస్తుంటే లారీ తగిలింది. బావకు చెయ్యి విరిగింది. నాకు కుడి తొడ ఎముక, ఎడమ మోకాలి కింది ఎముక, పెల్విస్ రెండు చోట్ల విరిగాయి. అప్పటికి నాకు 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. ఒంగోలులో ఆపరేషన్లు చేసి రాడ్, ప్లేట్లు వేశారు. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. మూడో వారంలో ఇంటికి తీసుకొచ్చి, ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు.

ఎముకలు విరిగిన పిల్లవాడికి మన ఇళ్లలో ఏం పెడతారో అందరికీ తెలిసిందే. పొద్దున రాగి జావ, పదింటికి పాలు, మధ్యాహ్నం మునగాకు పప్పు, రాత్రి మళ్లీ పాలు. అమ్మమ్మ కంచె మీది నల్లేరు లేత కణుపులు కోసి, దురద పెట్టకుండా చేతులకు నూనె రాసుకుని, పచ్చడి నూరేది. పెదనాన్న ఆదివారం ఆదివారం మేక కాళ్లు తెచ్చి సూప్ పెట్టించేవాడు. వీటికి తోడు ఆసుపత్రివాళ్లు రాసిన కాల్షియం మాత్రలు రోజుకు రెండు, వారానికి ఒకసారి 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి. పుత్తూరు కట్టు కట్టించి ఉంటే ఈపాటికి లేచి తిరిగేవాడని వచ్చిన వాళ్లలో సగం మంది అనేవారు.

ఐదో వారంలో తిండి మీద మనసు పోయింది. నాకిష్టమైన నల్లేరు పచ్చడి వాసన వచ్చినా కడుపులో తిప్పేది. నాలుగు రోజులకు ఒకసారి కూడా విరేచనం అయ్యేది కాదు. పుస్తకం పట్టుకుంటే ఒకే వాక్యం మూడు నాలుగు సార్లు చదివేవాణ్ణి, బుర్రకు ఎక్కేది కాదు. స్నేహితులు వస్తే కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకునేవాణ్ణి. మాట్లాడాలంటే బరువెత్తినంత కష్టంగా ఉండేది.

అందరూ దానికి పెట్టిన పేరు బెంగ. పరీక్షలు పోతాయని, నడవలేనేమోనని పిల్లోడు బెంగ పెట్టుకున్నాడు అన్నారు. అమ్మమ్మ ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసి దిష్టి తీసింది. మా లెక్చరర్ ఒకాయన గంటసేపు కూర్చుని ధైర్యం చెప్పారు. "మనసు గట్టిగా ఉంటే సగం జబ్బు పోతుంది" అన్నారు. ఆయన మంచికే చెప్పారు. కానీ ఆయన వెళ్లాక గోడ వైపు తిరిగి ఏడ్చాను. గట్టిగా ఉండాలని నేనూ అనుకుంటున్నాను, ఉండలేకపోతున్నాను, తప్పంతా నాలోనే ఉందనిపించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా, విరిగిన ఎముకల కంటే ఆ సాయంత్రమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మా కనిగిరి వైపు ఎముకలు, దాహం, మూత్రం అన్న మాటలు కలిసి వినిపిస్తే ఎవరికైనా ముందు ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. నడుములు వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగాం. అందుకని నాన్న నా కోసం వేరే చోట నుంచి నీళ్లు తెప్పించడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ చేశాడు. టౌన్లో ఒక డాక్టరు డిప్రెషన్ అని మాత్ర రాశారు. రక్తం మాత్రం ఎవరూ తీయలేదు.

దసరా రోజు ఇంటినిండా చుట్టాలు. పులిహోర ఒక ముద్ద తిన్నాను, వెంటనే వాంతి. ఆ రాత్రి ఇంకో నాలుగు సార్లు. తెల్లారి అమ్మ పలకరిస్తే, "అత్తా" అన్నానట. అమ్మ నన్ను పట్టుకుని కేక వేసింది. ఆ తర్వాత జరిగినవి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు: అంబులెన్సు పైకప్పు, నాన్న చెప్పులు, గుంటూరులో ఆసుపత్రి లిఫ్టు తలుపు.

అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి, చాలా చిన్న డాక్టరు, చేయించిన పరీక్షల్లో కాల్షియం కూడా ఉంది. 13.6 వచ్చింది. ఉండాల్సింది సుమారు 8.5 నుంచి 10.5 మధ్య. పైగా సరిగ్గా తినక నా రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 3.2కి పడిపోయింది. ఆల్బుమిన్ 4 కంటే తగ్గిన ప్రతి గ్రాముకూ కాల్షియం అంకెకు 0.8 చొప్పున కలిపి చూడాలట. అలా చూస్తే నాది 14.2. కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్ 1.9. ఎడమ కిడ్నీలో చిన్న రాయి. ఈసీజీలో కూడా తేడా ఉంది.

కాల్షియం ఇంతలా పెరిగితే డాక్టర్లు ముందు చూసేవి రెండు: మెడలో థైరాయిడ్ వెనక ఉండి, రక్తంలో కాల్షియాన్ని పెంచే హార్మోను వదిలే పారాథైరాయిడ్ గ్రంథులు, లేదంటే క్యాన్సర్. ఆ రెండో మాట నాన్న చెవిన పడింది. రిపోర్టులు వచ్చేదాకా రెండు రోజులు ఆయన నా మంచం దగ్గరికి రాలేదు. వరండాలో నిలబడే ఉన్నాడని తర్వాత అమ్మ చెప్పింది. పారాథైరాయిడ్ హార్మోను 5 కంటే తక్కువ ఉంది. అంటే ఆ గ్రంథులు ఆరోగ్యంగానే ఉన్నాయి, రక్తంలో కాల్షియం ఎక్కువైందని తెలుసుకుని తమ పని ఆపేశాయి. డి విటమిన్ కూడా విషమయ్యే స్థాయిలో లేదు. మిగతా పరీక్షల్లో ఏమీ కనిపించలేదు.

అప్పుడు హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) సారు వచ్చి మంచం అంచున కూర్చుని అమ్మకు, నాన్నకు వివరంగా చెప్పారు. అప్పుడు సగమే అర్థమైంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఎముక గోడలాంటిది కాదట. రోజూ కొంత తవ్వి తీసేసే కణాలుంటాయి, ఆ చోట కొత్తగా కట్టే కణాలుంటాయి. మనం నిలబడ్డప్పుడు, నడిచినప్పుడు ఒంటి బరువు ఎముక మీద పడుతుంది. ఎముక లోపలున్న కణాలు ఆ ఒత్తిడిని పసిగట్టి, ఇక్కడ పని ఉంది, కట్టండి అని కబురు పంపుతాయి. కాళ్లు కింద పెట్టకుండా వారాల తరబడి పడుకుంటే ఆ కబురు ఆగిపోతుంది. కట్టడం మందగిస్తుంది, తవ్వడం మాత్రం ఇంకా జోరందుకుంటుంది. అలా తవ్విన కాల్షియం రక్తంలోకి వస్తుంది. కిడ్నీలు కొన్నాళ్లు మూత్రంలో బయటికి పంపుతాయి. అది వాటి శక్తికి మించినప్పుడు రక్తంలో పేరుకుంటుంది.

"ఇంకో చిక్కుంది. కాల్షియం పెరిగితే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు. అందుకే ఆ మూత్రం, ఆ దాహం. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ కాల్షియం ఇంకా పెరుగుతుంది" అన్నారాయన. పెద్దవాళ్లలో చాలామందికి ఎముక కరిగినా రక్తంలో అంకె ఇంతగా పెరగదట. ఎదిగే వయసులో ఎముకల్లో ఈ తవ్వడం కట్టడం మామూలుగానే చాలా వేగంగా జరుగుతుంటుంది, అందుకే నా వయసు మగపిల్లల్లో ఇది ఎక్కువ. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయిన కుర్రాళ్లలో కూడా చూస్తారట.

అమ్మ అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ వినిపిస్తుంది. "నేను పాలు ఎక్కువ పోశానా సార్?"

"మీ పాల వల్ల కాదమ్మా. ఇది మీ అబ్బాయి ఎముకల్లోంచే వస్తోంది. మీరు పాలు మానేసి ఉన్నా వచ్చేదే. కాల్షియం, డి విటమిన్ మాత్రం ఇప్పుడు ఆపేద్దాం" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ దిగులు, ఈ నీరసం కూడా దీనివల్లే బాబూ. కాల్షియం ఎక్కువైతే మెదడు మొద్దుబారుతుంది. నీ తప్పేం లేదు" అన్నారు. ఆ స్థితిలో కూడా ఆ మాట నాకు చేరింది.

వైద్యం మొదటి భాగం సెలైన్. రోజుకు మూడు లీటర్లకు పైగా ఎక్కించారు. కాల్షియం దించే కాల్సిటోనిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. క్రియాటినిన్ కొంచెం దిగాక పామిడ్రోనేట్ అనే మందు నాలుగు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించారు. ఎముకను తవ్వే కణాలను నిలవరించే మందు అది. మర్నాడు ఒళ్లంతా నొప్పులు, 102 జ్వరం. మొదటిసారి ఈ మందు వాడితే చాలామందికి అలా వస్తుందని ముందే చెప్పారు గనుక భయపడలేదు. అంకె 13.6 నుంచి 12.4కి, తర్వాత 10.9కి, ఆరో రోజుకు 9.6కి దిగింది.

ఆ ఆరో రోజు పొద్దున అమ్మ ఇడ్లీ తెస్తే వాసన బాగుందనిపించింది. మూడు తిన్నాను. కిటికీలోంచి రోడ్డు మీద ఆటోవాళ్ల గొడవ వినిపిస్తుంటే ఏం జరుగుతోందో చూడాలనిపించింది. ఏదైనా చూడాలనిపించడం అనేదే నేను మర్చిపోయాను. రెండు వారాల క్రితం జీవితమే అయిపోయిందనుకున్న వాణ్ణి. రాడ్ అలాగే ఉంది, పోయిన క్లాసులు పోయినట్టే ఉన్నాయి, ఒక్క రక్తపు అంకె మారింది, అంతే.

అసలు మందు కాళ్ల మీద నిలబడటమేనని సారు ముందే అన్నారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు చూసి, కుడి కాలి మీద కొంత బరువు వేయొచ్చని ఒప్పుకున్నారు. నన్ను ఒక బల్ల మీద పడుకోబెట్టి బెల్టులతో కట్టి, ఆ బల్లనే కొద్దికొద్దిగా పైకి లేపేవారు. టిల్ట్ టేబుల్ అంటారు. మొదటి రోజు 30 డిగ్రీలకే కళ్లు బైర్లు కమ్మాయి. ఫిజియోథెరపిస్టు అక్క "నా వైపు చూడు, మాట్లాడుతూ ఉండు" అంటూ పదో ఎక్కం చెప్పించింది. దీపావళికి మూడు రోజుల ముందు 70 డిగ్రీలకు వచ్చాను. అరికాళ్లు మంటగా, సూదులు గుచ్చినట్టు ఉన్నాయి. అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. పడుకుని ఉన్న రెండు నెలల్లో నేను ఎప్పుడూ అమ్మను కింద నుంచే చూశాను. ఆ రోజు ఆమె తల ఎత్తి నన్ను చూసింది.

తర్వాత వాకర్, ఆ తర్వాత కర్ర. నవంబరులో రాయి మూత్రంలో పోయింది, ఆ నొప్పి గురించి రాయను. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో తుంటి దగ్గర జడ్ స్కోరు మైనస్ 2.6 వచ్చింది. నా వయసు వాళ్లకు ఉండాల్సిన దానికంటే ఎముక చాలా తక్కువన్నమాట. రెండు నెలల్లో పోయినదాన్ని తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుందన్నారు. రోజూ నడక, మెట్లు, తర్వాత బరువులు.

తిరిగి చదువులో పడ్డాక ఈ విషయం గురించి దొరికిందల్లా చదివాను. 1941లో అమెరికాలో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు ఇలాంటి కేసే రాశారు: ఎముక విరిగి మంచం పట్టిన 14 ఏళ్ల అబ్బాయి. చూడటానికి అచ్చం పారాథైరాయిడ్ జబ్బులా ఉందట. 1948లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని నలుగురు యువకులను నడుము నుంచి పాదాల దాకా ప్లాస్టర్‌లో ఉంచి ఆరేడు వారాలు పడుకోబెట్టారు. వాళ్ల మూత్రంలోనూ కాల్షియం పోవడం బాగా పెరిగింది, లేచి నడిచాక కూడా అది తగ్గడానికి వారాలు పట్టింది. అంతరిక్షంలో ఉండే వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు ఒక శాతానికి పైగా ఎముక తగ్గుతుంది, అందుకే వాళ్లు రోజూ గంటల తరబడి వ్యాయామం చేస్తారు. ఇవి చదువుతున్నప్పుడు నాకు కలిగిన ఊరట చెప్పలేను. అంత దిట్టమైన మనుషులకే అలా జరిగింది.

అందుకే ఇంట్లో ఎవరైనా, ముఖ్యంగా పిల్లలు, కాళ్లు కదపలేక వారాల తరబడి మంచంలో ఉండి, వికారం, దాహం, మలబద్ధకం, దిగులు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, "కాల్షియం చూశారా సార్?" అని అడగండి. ఖరీదైన పరీక్ష కాదు. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, మానొద్దు. విరిగిన వాళ్లందరికీ ఇలా అవ్వదు, చాలామందికి ఆ మాత్రలు అవసరమే. నాకు జరిగింది అరుదు. అరుదైనది గనుకనే ఎవరికీ తట్టలేదు.

2019లో రెండో స్కాన్‌లో జడ్ స్కోరు మైనస్ 1.3కి వచ్చింది. రిపోర్టు చూసి సారు బాగుందన్నారు. లేచి వచ్చేస్తుంటే అమ్మ ఆగి, "నల్లేరు పచ్చడి పెట్టొచ్చా సార్?" అని అడిగింది. రెండేళ్లుగా మా ఇంట్లో ఆ పచ్చడి చేయలేదని నేను అప్పుడే గమనించాను. ఆయన నవ్వి, "పెట్టండమ్మా, పాలు కూడా పోయండి" అన్నారు.

మర్నాడు పొద్దున చేతులకు నూనె రాసుకుని కంచె దగ్గరికి నేనే వెళ్లి, లేత కణుపులు చూసి కోసుకొచ్చాను.